కంటి అద్దం

పట్నం బజారులో ముప్ఫయ్యేళ్ళు
గడియారాల పొట్టలు విప్పిన చెయ్యి ఇది.
సెల్‌ఫోన్లు వచ్చి మణికట్లు బోసిపోయాక
బల్ల అమ్మేసి, కొట్టు తాళం ఇచ్చేసి
ఈ కంటి అద్దం ఒక్కటీ జేబులో వేసుకొచ్చాను.

ఇప్పుడు ఏటుకూరు దాటాక, నిమ్మతోట గట్టున
పద్నాలుగు పెట్టెలు.
చీమలెక్కకుండా కోళ్ళ కింద నీళ్ళ చిప్పలు.
నీళ్ళు పోసే పని హుస్సేన్‌బీది,
పోస్తూ నన్ను తిట్టే పని కూడా.

రాణి లేని పెట్టెకి మూత తీయక్కర్లేదు,
చెవి ఆనిస్తే చాలు.
పెళ్ళింట్లో వంటవాడు రాలేదని తెలిసినప్పటి గోల అది.

తడిగుడ్డ కప్పుకుని, అద్దం కంట్లో బిగించి
పట్టులోంచి ఒకరోజు పిల్లని తీస్తాను.
పిల్లంటే ఏముంది, రాసి వదిలేసిన కామా.
సూదిమొన మీద ఉన్నది ఉన్నట్టే తేలి రావాలి,
బోర్లాపడితే మునిగినట్టే.
మైనపు గిన్నెలో పాలచుక్క,
దాని మీద పడుకోబెట్టి ఊపిరి వదులుతాను.
ఇరవై పెడితే పదకొండు నిలిచాయి.

"అన్నీ ఆడపిల్లలే. పెట్టే తిండిలోనే తేడా" అన్నాను.
"మా ఇంట్లోనూ అంతే" అంది హుస్సేన్‌బీ.
ఆ మాట ఎటు తిరిగిందో నేను అడగలేదు.

రాణులు బయటికొచ్చిన అయిదోనాటి రాత్రి
పున్నారావు ఫోను.
"సాయిబూ, రేపు పొద్దున్నే మందు కొడతన్నా.
నల్ల తామర పురుగు పూతంతా నాకేస్తంది.
నీ ఈగల్ని మూసుకో."

తప్పు ఆయనది కాదు.
కౌలు చేను. ఎరువుల కొట్లో ఖాతా
ఆయన పేరు కన్నా పొడుగు.
మూయొచ్చు, గోనెలు తడిపి అన్నీ మూయొచ్చు.
కానీ ఆ పదకొండూ ఎగరాల్సిన వారం ఇది.
ఎగరకుండా ముదిరిన రాణి మగవాళ్ళనే కంటుంది,
కూర్చుని తినేవాళ్ళతో నిండి
పెట్టె నెలన్నరలో ఆగిపోతుంది.

"సాయంత్రం కొట్టన్నా, ఈగలు ఇల్లు చేరాక."
"సాయంత్రం ఎవడొస్తాడు?
కుర్రాళ్ళకి పదింటికల్లా ఇంకో చేను."
"నేనొస్తా."
కాసేపు ఏం వినబడలేదు.
"నువ్వా?"

అలా ఎక్కింది నా వీపు మీదికి ఆ డబ్బా.
నోటికి తువ్వాలు, పొగడబ్బా పట్టే చేతిలో గన్ను.
తల వంచుకునే ఉంటాయి మిరపపూలు,
పొద్దున నా వాళ్ళు దూరి వచ్చిన పూలే.
ఎవర్ని చంపుతున్నానో చూద్దామని
ఒక సాలు మధ్యలో ఆగి అద్దం పెట్టాను.
నల్లగా, పెన్సిల్ గీతంత.
తన పని తను చేసుకుంటోంది.
అద్దం కింద ఎవరైనా పని మీదే ఉంటారు.

ఆ రాత్రి మూడుసార్లు సబ్బుతో కడిగినా
అన్నం ముద్దలో అదే వాసన.
పెట్టెల వైపు వెళ్ళలేదు.

మర్నాడు పెద్దవి మూసే ఉంచి, చిన్నవి తెరిచాను.
రాణులు పూల జోలికి పోరు.
మధ్యాహ్నం రెండున్నరకి
ఒక్కోటీ గుమ్మం దాటి, వెనక్కి తిరిగి,
ఇల్లెక్కడుందో గాల్లోనే గుర్తుపెట్టుకుని
పైకి.

కరెంటు తీగ మీద పచ్చపిట్ట.
ఎన్ని రాళ్ళు విసిరానో.
వారం తిరిగేసరికి తొమ్మిది పెట్టెల్లో రాణి ఉంది.
మిగతా రెండింట్లో ఆ గోల.

తొమ్మిదింటికీ వీపు మీద
మనవరాలి గోళ్ళరంగు చుక్క పెట్టాను.
గది అడుగున నిటారుగా గుడ్డు,
పన్నెండు మీద నిలబడ్డ ముల్లు.
హుస్సేన్‌బీకి చూపిస్తే
చిప్ప కింద పెట్టి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూసింది.
ఏమీ తిట్టలేదు.

పున్నారావు వచ్చాడు, చేతిలో మిరపపువ్వు.
"ఆ అద్దం ఓసారి ఇయ్యి."
చూశాడు. తిరిగిచ్చాడు.
"ఇంకా ఉన్నయ్ సాయిబూ."
"ఎప్పుడు?"
"శుక్రవారం. సాయంత్రమేలే."
భుజం ఇప్పుడే నొప్పి మొదలుపెట్టింది.